తేళ్ల సినిమాలో మా పచ్చ గుడ్డ

ఆ సినిమా మొదటి భాగంలో ఉన్నది ఒక్కటే తేలు. వేరే గ్రహం నుంచి ఊడిపడ్డ ఇనుప తేలు, రైల్వే స్టేషనంత ఉంటుంది. హీరో దాన్ని రెండున్నర గంటల పాటు తన్ని తన్ని చివరికి సముద్రంలో ముంచేస్తాడు. అది మునుగుతూ మునుగుతూ ఒక కన్ను తెరుస్తుంది. అంతే, సినిమా అయిపోతుంది. ఆ కన్ను తెరుచుకున్న రోజు నుంచి మా కార్ఖానా మొత్తం రెండో భాగం కోసం కాచుకుని కూర్చుంది. ఈసారి లక్ష తేళ్లు దిగుతాయట, ఊళ్లకు ఊళ్లు చాపల్లా చుట్టుకుపోతాయట, హీరో ఎగిరే రైలు మీద నిలబడి కత్తి తిప్పుతాడట. ఇవన్నీ ఫోన్లలో ముందే వచ్చేశాయి. పొద్దున చాయ్ దగ్గర మొదలైతే సాయంత్రం దాకా అవే తేళ్లు.

మా కార్ఖానా సూరత్‌లో, అమ్రోలి వైపు. మగ్గాలు కరెంటువి, మనుషులం ఉత్తర తెలంగాణ వాళ్లం. నేను ఇక్కడ నేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. నేతలో నాకు పెద్ద పేరేమీ లేదు. నా పేరంతా చాయ్ పూటదే. తాపీ నదికి వరదొచ్చినప్పుడు మా మగ్గం ఒకటి నీళ్ల మీద తేలుకుంటూ, తేలుతూనే నేసుకుంటూ పోయిందనీ, అవతలి ఒడ్డు తగిలేసరికి ఒక చీర పూర్తయిందనీ, ఆ చీరను కట్టుకున్నామె ఇప్పటికీ వానలో తడవదనీ నేను చెబుతుంటాను. నమ్మినవాళ్లు ఎవరూ లేరు. మళ్లీ చెప్పమని అడగనివాళ్లు కూడా లేరు. అబద్ధానికి నేనెప్పుడూ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు కాబట్టి అది తప్పు కాదని నా లెక్క.

ఈ కథలో చిక్కు ఏమిటంటే, ఇందులో నేను నిజం చెప్పాను.

ఒక రోజు సేఠ్ దగ్గరికి ఒక దలాల్ వచ్చాడు. ఎక్కడెక్కడి ఆర్డర్లో తెచ్చి కార్ఖానాలకు ఇప్పించే మనిషి. అతను తెచ్చిన బేరం విని సేఠ్ తల గోక్కున్నాడు. మా దగ్గర గుడ్డ ఎప్పుడూ తెల్లగానే పుడుతుంది, తర్వాత రంగుల మిల్లుకు పోయి చీర అవుతుంది. ఇదేమో ముందే రంగెక్కిన పచ్చ నూలుతో నేయాలట. మామూలు పచ్చ కాదు, కంట్లో పొడిచే చిలకపచ్చ. అంచు వద్దు, పువ్వు వద్దు, గీత వద్దు. అన్నిటికన్నా వింత, మెరవకూడదట. సూరత్ గుడ్డను మెరవొద్దనడమంటే పెళ్లికొచ్చిన బ్యాండువాళ్లను వాయించకుండా నిలబడి పొమ్మన్నట్టే.

“ఎవరికయ్యా ఇట్లాంటి గుడ్డ?” అని సేఠ్ హిందీలో అడిగాడు.

“ఫిల్మ్‌వాలోంకా మాల్ హై,” అన్నాడు దలాల్. “ఆ తేళ్ల పిక్చర్ లేదూ, దాని రెండో భాగానికి.”

ఆ మాట అనేటప్పుడు పక్క మగ్గంలో తెగిన పోగు ముడివేస్తున్నది నేనే. నా రెండు చెవులతో విన్నాను. ఆ పచ్చ నూలు ఎక్కింది కూడా నా మగ్గాలకే. పగలు నేను, రాత్రి నా బామ్మర్ది. అదే నా భార్య తమ్ముడు, నా జోడీ. ఒకే మగ్గాలను ఇద్దరం చేతులు మార్చుకుంటూ నడుపుతాం. రెండు వారాలు ఆ పచ్చదనం నేసి నేసి, ఇంటికి పోతే కళ్లు చెదిరి తెల్లటి అన్నం కూడా ఎర్రగా కనిపించేది.

గుడ్డ మూటలు కట్టి పంపేసిన మర్నాడు పొద్దున, పూట మారేటప్పుడు చాయ్ దగ్గర చెప్పాను.

“మనం నేసిన పచ్చ గుడ్డ తేళ్ల సినిమకు వోయింది.”

పన్నెండు మంది ఒకేసారి నవ్వారు.

“బావా,” అన్నాడు నా బామ్మర్ది కళ్లు తుడుచుకుంటూ, “మొన్న తాపీల మగ్గం తేల్చినవ్. ఇయ్యాల సినిమల గుడ్డ తేలుస్తున్నవా?”

“అరే, నిజం చెప్తున్న. దలాల్ చెప్పంగ నేనే విన్న.”

“తేలుకు లుంగీ కుడ్తరా అన్నా గా గుడ్డతోని?” అని ఇంకొకడు.

“లక్ష తేళ్లాయె, లుంగీలు సరిపోతయా?”

మామూలుగా అయితే వాళ్లకన్నా ముందు నేనే ఆ లుంగీ ముచ్చట అందుకుని సాయంత్రం దాకా లాగేవాణ్ణి. కానీ ఆ రోజు ఎందుకో మనసు చివుక్కుమంది. ఇన్నేళ్లలో ఒక్కసారి ఉన్నదున్నట్టు చెబితే దానికీ ఇదే నవ్వా? లేచి వెళ్లి నా మగ్గం మీద చెయ్యి వేశాను.

“మగ్గం మీద చెయ్యేసి చెప్తున్న. మన గుడ్డ గా సినిమల ఉన్నది.”

నవ్వు ఆగిపోయింది.

మా కార్ఖానాలో దేవుడి మీద ఒట్టు పెడితే ఎవరూ పట్టించుకోరు, పిల్లల మీద పెడితే తిడతారు. మగ్గం మీద పెడితే మాత్రం నమ్ముతారు. చేతిమగ్గాల కాలం నాటి పట్టింపు అది, కరెంటు మగ్గాలొచ్చినా మా వెంట వచ్చింది. ఆ ఒట్టు తప్పినవాడి చేతి నుంచి జోడీవాడు కూడా ఏమీ అందుకోడు. తప్పినవాడు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అందరి ముందూ మళ్లీ చెయ్యి వేసి “నేను అబద్ధమాడిన” అని ఒప్పుకోవాలి. అప్పుడే దోషం పోతుంది. నేను చూస్తుండగా ఒక్కడే అలా ఒప్పుకున్నాడు. తాగుడు మానేశానని ఒట్టు పెట్టి, ఒప్పుకునే రోజున కూడా తాగే వచ్చాడు.

మా మాస్టర్ అప్పటిదాకా మూల కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మగ్గాలు బాగు చేసేదీ, గుడ్డలో తప్పులు పట్టేదీ ఆయనే. వయసులో అందరికన్నా పెద్ద, మాటలో అందరికన్నా పొదుపు.

“చెయ్యి తియ్యిరా,” అన్నాడు. “సినిమ రానీ. సూద్దాం.”

నెలలు గడిచాక సినిమా వచ్చింది. మొదటి ఆదివారం పొద్దుటి ఆటకే పద్నాలుగు మందిమి ఆటోలు ఎక్కి, వంతెన దాటి, వరాఛా దగ్గరి హాలుకు పోయాం. పెళ్లికొడుకును తీసుకుపోయినట్టు నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఎడమ పక్క బామ్మర్ది, కుడి పక్క మాస్టర్. ముందు వరస నిండా వజ్రాలు సానపట్టే గుజరాతీ కుర్రాళ్లు.

సినిమా గురించి అన్యాయంగా మాట్లాడకూడదు. నేను చెప్పే కథలన్నీ మూటగట్టి పక్కన పెట్టినా దానికి సరిరావు. ఆకాశం చిరిగింది. చిరిగిన చోటు నుంచి తేళ్లు ధారగా కారాయి. ఒక పెద్ద పట్నం అంచు లేపి, మేము గుడ్డను దుంగకు చుట్టినట్టు చుట్టేశాయి. లోపల మనుషులు, బస్సులు, మేడలు. హీరో ఎగిరే రైలు మీద నుంచి దూకి, గాలిలోనే చొక్కా మార్చుకుని, తేలు కొండి మీద దిగాడు. మామూలు రోజైతే నేను కుర్చీలో ఉండేవాణ్ణి కాదు, ఈలలేస్తూ గాలిలోనే ఉండేవాణ్ణి.

కానీ మా వాళ్లెవరూ తేళ్లను చూడటం లేదు. పద్నాలుగు మందిమీ తెర మీద పచ్చ రంగు కోసం వెతుకుతున్నాం.

పట్నం చుట్టుకుపోతుంటే ఒక లారీ దొర్లింది. దాని మీద పచ్చటి బరకం.

“గిదేనా అన్నా?” అని వెనక నుంచి ఒకడు.

“గది తాడిపత్రి బరకంరా,” అన్నాను.

తర్వాత విలన్ కోటలో ఒక పచ్చ తెర కదిలింది. “గిది?”

“గది మకమల్,” అన్నాడు మాస్టర్ నా కన్నా ముందే. “మనది కాదు.”

విలన్ వేలికి గుమ్మడికాయంత వజ్రం. దాని వెలుగుతోనే తేళ్లు నడుస్తాయట. అది తెర నిండా తళుక్కుమనగానే ముందు వరస వజ్రాల కుర్రాళ్లు పగలబడి నవ్వారు. “ఖోటో ఛే, ఖోటో!” అని ఒకడు అరిచాడు. నకిలీదని. ఆ సాన కోణం ఎక్కడ తప్పిందో పక్కవాడికి చేతులతో కొలిచి చూపిస్తున్నాడు. అంత కష్టకాలంలోనూ నాకు నవ్వొచ్చింది. లోకం మునిగిపోతోంది, మేము గుడ్డ చూస్తున్నాం, వాళ్లు రాయి చూస్తున్నారు.

ఇంటర్వెల్ తర్వాత పాట వచ్చింది. హీరోయిన్ మంచు కొండ మీద. ఒంటి మీద చిలకపచ్చ చీర.

నా వరస మొత్తం లేచి నిలబడింది.

“అన్నా! గిదే! గిదే కదా!”

నిజం చెబుతున్నాను, నా నోట్లో “అవును” అన్న మాట సగం దాకా వచ్చింది. అన్నానంటే గొడవ తీరిపోయేది. వాళ్లే అడుగుతున్నారు, వాళ్లే నమ్ముతున్నారు. ఇరవై ఏళ్లు ఊరికే అబద్ధాలు చెప్పినవాడికి, పనికొచ్చే అబద్ధం ఒకటి ఎదురొస్తే నోరు తిరగలేదు. మగ్గం మీద వేసిన ఆ చెయ్యి గుర్తొచ్చింది.

“కూసోండ్రి,” అన్నాడు మాస్టర్ ఈలోపు. “జార్జెట్ గది. ఎట్ల జారుతుందో సూస్తలేరా? మనది గోడ లెక్క నిలవడే గుడ్డ.”

అందరూ కూర్చున్నారు. ఆఖరి యుద్ధంలో హీరో తేలు పొట్ట చీల్చితే పచ్చటి రక్తం ఫౌంటెన్‌లా చిమ్మింది. బామ్మర్ది నా చెవి దగ్గరికి వంగాడు.

“రక్తం గూడ మన గుడ్డేనా బావా?”

సినిమా చివర మళ్లీ ఒక కన్ను తెరుచుకుంది. హాలంతా చప్పట్లు. లైట్లు వెలిగాయి. మా వాళ్లు తెర వైపు కాకుండా నా వైపు తిరిగి చూస్తున్నారు.

“ఇంక మూడో భాగంల వస్తదేమో నీ గుడ్డ,” అన్నాడు బామ్మర్ది.

మర్నాటి నుంచి కార్ఖానాలో నా బతుకు మారిపోయింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అంతకన్నా అన్యాయంగా, మర్యాదగా ఉన్నారు. పోగు దూర్చే కొక్కెం ఒకటి ఉంటుంది మాకు. పూట మారేటప్పుడు పోయేవాడు దాన్ని వచ్చేవాడి చేతిలో పెట్టి పోతాడు. ఆ సాయంత్రం నేను చెయ్యి చాచితే బామ్మర్ది తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“అక్కడ పెట్టు బావా, నేను తీసుకుంట.”

“ఏందిరా గిది? నా చెయ్యికి తేలు రక్తం అంటిందా?”

“నీ మీద కోపం లేదు బావా. నువ్వెన్ని అబద్ధాలు చెప్పినా నేను విన్న. మా అక్కను నీకిచ్చేటప్పుడు చెప్పినవి గూడ విన్న. గని మగ్గం మీద చెప్పుడేంది?”

ఆ వారం ఎవరి మగ్గంలో పోగు తెగినా అందరూ నా వైపు చూశారు. మగ్గమన్నాక పోగులు తెగుతాయి. అంతకుముందు గాలి పొడిగా ఉందని అనేవాళ్లు, నూలు కచ్చాదని అనేవాళ్లు. ఇప్పుడు ఏమీ అనడం లేదు, చూస్తున్నారు, అంతే. చాయ్ పూట నేను నోరు తెరిస్తే ఒక్కొక్కరే లేచి పని గుర్తొచ్చినట్టు పోతున్నారు.

గురువారం మాస్టర్ నన్ను పక్కకు పిలిచాడు.

“సెలవు నాడు పొద్దున మగ్గాలకు నూనె పడ్తం గదా. అప్పుడు అందరుంటరు. కొబ్బరికాయ తెచ్చి ఒప్పుకో. అయిపోతది.”

“ఒప్పుకోకుంటె?”

“నీ బామ్మర్ది వేరే జోడీ అడుగుతుండు. ఇంకెవ్వరు నీతోని ఉంటలేరు. జోడీ లేనోనికి మగ్గాలు ఎట్ల ఇస్తడు సేఠ్? వేరే కార్ఖానా సూసుకోవాలె నువ్వు.”

“మాస్టర్, నేను చెప్పింది నిజమైతె? నిజాన్ని మగ్గం మీద చెయ్యేసి అబద్ధమని చెప్తె గదే అసలైన అబద్ధం అయితది గదా!”

“ఇరవై ఏండ్లల్ల నువ్వు చెప్పిన అన్నిట్ల గిదే జర కొత్తగున్నది,” అని మాస్టర్ వెళ్లిపోయాడు.

సేఠ్‌ను అడిగాను. “మాల్ గయా, బాత్ గయీ,” అన్నాడు. సరుకు పోయింది, మాట కూడా దాంతోనే పోయిందని. దలాల్ ఎక్కడున్నాడో ఆయనకూ తెలియదు. అప్పుడు నాకు అన్నిటికన్నా పెద్ద భయం పట్టుకుంది. ఆ దలాల్ కూడా నాలాంటివాడే అయితే? ఊరికే సరదాకు సినిమాకని చెప్పి ఉంటే? ఇన్నేళ్లుగా నేను అందరికీ చెబుతూ వచ్చిన కథల్లాంటిదే ఒకటి నా నెత్తిన పెట్టి పోయి ఉంటే? ఇన్నాళ్లూ నా ముచ్చట్లు విన్నవాళ్ల మీద నాకు మొదటిసారి కొంచెం జాలి కలిగింది.

ఇంట్లో నా భార్య చీరకు రాళ్లు అతికిస్తోంది. కోసాడ్ కాలనీలో మాది చిన్న ఇల్లు. ఆమె పని మొదలుపెడితే నేల మీద చీర తప్ప నడిచే దారి ఉండదు. గోడ వారగా జరుగుతూ పోయి కూర్చున్నాను. అంతా చెప్పాను.

“ఒప్పుకుంటె పాయె గదయ్యా,” అంది తల ఎత్తకుండా. “గిన్ని అబద్ధాలు చెప్పినవ్. గింకొకటి ఎక్కువా?”

“చెప్పలేకపోతున్ననే. గదే సమజైతలేదు నాకు.”

ఆమె చెయ్యి ఆగింది. “మల్ల జెప్పు. గా రోజు చాయ్ కాడ ఏమని జెప్పినవ్? ఉన్నదున్నట్టు జెప్పు.”

“మనం నేసిన పచ్చ గుడ్డ తేళ్ల సినిమకు వోయిందని.”

“ఇంకేం చెప్పలే?”

“ఇంకేం చెప్పలే.”

“హీరో వచ్చి నీతోని చాయ్ తాగలే?”

“లేదు.”

“తేలు నీ మగ్గం మీద పండలే?”

“లేదే.”

“అయితె నిజమే,” అంది. “గంత చప్పటి ముచ్చట నువ్వు కల్పించలేవు.”

పెళ్లయిన ఇన్నేళ్లలో నా మాటకు నా భార్య వేసిన మొదటి ఓటు అది. కళ్లు చెమర్చాయి. ఆ జిగురు వాసనకేమో అన్నట్టు ముక్కు తుడుచుకున్నాను.

సెలవు రోజు పొద్దున కొబ్బరికాయ చేత్తో పట్టుకుని బయల్దేరాను. ఏం చెప్పాలో అప్పటికీ తేల్చుకోలేదు. గడప దాటుతుండగా “ఆగు ఆగు,” అని ఆమె కేక. రాళ్లు అతికించేటప్పుడు ఫోన్‌ను చెంబుకు ఆనించి ఏవో ఒకటి చూస్తూనే ఉంటుంది. మూడు రోజుల నుంచి ఆ తేళ్ల సినిమా గురించి ఉన్నవన్నీ తిరగేస్తోందట. నాకు చెప్పలేదు.

“గిది సూడు,” అంది.

ఆ సినిమాను ఎలా తీశారో చూపించే వీడియో అది. హీరో నడుముకు తాళ్లు కట్టుకుని, పండగ రోజు దండేనికి ఆరేసిన చొక్కాలా వేలాడుతున్నాడు. ఎగిరే రైలు అంటే నాలుగు చెక్కలు. లక్ష తేళ్లంటే ఒక బక్క మనిషి కర్రకు బంతి గుచ్చి పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తడం. ఆ బంతిని చూసే హీరో పళ్లు నూరుతున్నాడు. ఇక ముందు, వెనక, పక్కల, నేల మీద, ఎటు చూసినా పచ్చ గుడ్డ. గోడలా బిగించి కట్టిన, మెరవని, అంచు లేని చిలకపచ్చ గుడ్డ.

వీడియోలో ఒకాయన హిందీలో వివరిస్తున్నాడు. ఈ పచ్చ ఉన్న చోటల్లా కంప్యూటర్ దాన్ని చెరిపేసి, ఆకాశాన్నీ పట్నాన్నీ తేళ్లనూ అక్కడ పెడుతుందట. గుడ్డ మెరిస్తే సరిగ్గా చెరగదట.

నేను గడప మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. పద్నాలుగు మందిమి కళ్లు కాయలు కాచేలా తెర మీద పచ్చ కోసం వెతికామే! సినిమా మొత్తంలో మా గుడ్డ లేనిది ఆ లారీ బరకం, ఆ మకమల్ తెర, ఆ చీర, ఆ రక్తం, ఈ నాలుగు చోట్లే. పచ్చగా కనిపించిన చోటల్లా అది లేదు. కనిపించని చోటంతా అదే.

“నవ్వుడు తర్వాత,” అంది నా భార్య ఫోన్ చేతిలో పెట్టి. “ఉరుకు.”

కార్ఖానాలో మగ్గాలన్నీ ఆపేసి ఉన్నాయి. ఆ నిశ్శబ్దం మాకు అలవాటు లేదు. రోజూ అరుచుకుని మాట్లాడేవాళ్లం, ఆ పూట మాత్రం గుడిలో ఉన్నట్టు గుసగుసలాడతాం. అందరూ నూనె డబ్బాలు పక్కన పెట్టి నా మగ్గం చుట్టూ చేరారు. పసుపు కుంకుమ ఎవరో తెచ్చి పెట్టారు. నేను కొబ్బరికాయను మగ్గం మీద పెట్టి, ఫోన్ తీసి మాస్టర్ చేతికిచ్చాను.

పన్నెండు తలకాయలు ఒక ఫోన్ మీద వంగాయి.

“అమ్మనీ... గంత గుడ్డా!”

“గీ హీరో తాళ్లకు యాలాడుతుండేంది, థూ!”

“అరే, గంత గుడ్డ కట్టి సినిమల ఒక్క మూర గూడ సూపియ్యలేదేందిరా!”

“సూపియ్యకుండ ఉండేటందుకే కట్టిన్రు,” అన్నాను.

అందరికన్నా ముందు తేరుకున్నది నా బామ్మర్ది. “సరే బావా. పచ్చ గుడ్డ కడ్తరు, ఒప్పుకున్న. గని పచ్చగుంటె మనదేనా? సూరత్‌ల కార్ఖానాలు మనయొక్కటేనా? నువ్వు చెప్పింది మన గుడ్డ అని.”

మళ్లీ అందరూ నా వైపు తిరిగారు. వాడన్నదాంట్లో తప్పు లేదు. గుడ్డ మీద మా పేరు రాసి ఉండదు.

మాస్టర్ మాత్రం ఫోన్ దించలేదు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. వీడియోను ఒక చోట ఆపాడు. హీరో కుర్చీలో కూర్చుని నీళ్లు తాగుతున్నాడు, వెనక దగ్గరగా పచ్చ గుడ్డ. మాస్టర్ రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేశాడు. హీరో తల పక్కకు జరిగిపోయింది, గుడ్డే మిగిలింది. బల్ల మీద గుడ్డను పరిచి తప్పులు వెతికేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో అలాగే ఉంది.

“రెండు గీతలు,” అన్నాడు. “వేలెడు ఎడం.”

ఎవరూ చెప్పకుండానే, అందరి తలలూ నా బామ్మర్ది వైపు తిరిగాయి.

పోగు తెగి మగ్గం ఆగినప్పుడు మళ్లీ నడిపిస్తే, ఆగిన చోట గుడ్డలో సన్నటి గీత పడుతుంది. చెయ్యి తిరిగినవాడు దాన్ని కనిపించకుండా కలిపేస్తాడు. ఒక్కొక్కడికి ఒక్కో వాటం. నా బామ్మర్దికి తొందర. మగ్గం పిడిని ఒకసారి లాగి, ఆగి, మళ్లీ లాగుతాడు. ఒక గీత పడాల్సిన చోట రెండు పడతాయి, మధ్యలో వేలెడు ఎడం. ఆ జంట గీతల కోసం వాడు మాస్టర్ చేత తిన్న తిట్లకు అంతు లేదు. తిన్న ప్రతిసారీ “నాది కాదు” అనే అన్నాడు. పట్టపగలు పట్టుకున్నా “నాది కాదు, మగ్గానిది” అనేవాడు.

“నాది కాదు,” అన్నాడు ఇప్పుడు కూడా. అలవాటు కొద్దీ.

“మంచిది,” అన్నాడు మాస్టర్. “నీది కాకుంటె గుడ్డ మనది కాదు. గుడ్డ మనది కాకుంటె మీ బావ కాయ కొట్టి ఒప్పుకోవాలె. చెప్పు, నీదా కాదా?”

బామ్మర్ది నా ముఖం చూశాడు. మగ్గం చూశాడు. ఆ మాట ఒప్పుకుంటే ఇన్నేళ్ల తిట్లన్నీ న్యాయమైపోతాయి. ఒప్పుకోకపోతే నేను వెళ్లిపోతాను. నాకేమో చెప్పడానికి కథలేవీ గుర్తు రాలేదు.

“జర పెద్దగ చెయ్యి మాస్టర్,” అన్నాడు.

మాస్టర్ ఇంకా పెద్దది చేశాడు. తెర నిండా పచ్చ, మధ్యలో రెండు గీతలు. వాడు వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా చూశాడు.

“నాదే,” అన్నాడు మెల్లగా.

“వినవడలే.”

“నాదే! రెండుసార్లు గుంజిన. ఎప్పుడు గట్లనె గుంజుత. మొన్న తెల్ల గుడ్డల పడ్డవి గూడ నాయే. నిరుడు పండుగప్పుడు పడ్డవి గూడ నాయే. సాలునా?”

కార్ఖానా దద్దరిల్లింది. వాణ్ణి వీపు మీద చరిచేవాళ్లు చరుస్తున్నారు, నన్ను కౌగిలించుకునేవాళ్లు కౌగిలించుకుంటున్నారు. మాస్టర్ కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకుంటూ, “గంత పెద్ద సినిమవాళ్లకు గూడ కనవడలే నీ గీతలు,” అన్నాడు వాడితో. “కంప్యూటర్ చెరిపేసింది. నేను చెరపలేకపోయిన.” ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను.

తెచ్చిన కొబ్బరికాయను వాపసు తీసుకుపోవడం బాగుండదని దాన్ని కొట్టి తలో ముక్కా తిన్నాం. ఆ వీడియోను అక్కడే ఆరుసార్లు చూశాం. ఆరుసార్లూ ఒక్కడూ హీరోను చూడలేదు. మర్నాటి సాయంత్రం పూట మారేటప్పుడు బామ్మర్ది చెయ్యి చాచి నిలబడ్డాడు. కొక్కెం చేతిలో పెట్టాను.

కథ ఇక్కడ ఆగితే నాకు బాగుండేది. నేను గెలిచాను, నా మాట నిలిచింది. కానీ గెలిచిన మర్నాడు చాయ్ దగ్గరికి పోతే నా చుట్టూ ఎవరూ లేరు. అందరూ నా బామ్మర్ది చుట్టూ ఉన్నారు. ఆ గీతలు వాడివి కదా! సినిమాలో ఉన్నట్టు రుజువైనది వాడి చెయ్యి. నేను నేసిన భాగం ఎక్కడుందో ఎవరికి తెలుసు, తప్పు లేకుండా నేసిన పాపానికి.

మొదటి రోజు వాడు ఉన్నదే చెప్పాడు. రెండో రోజు హీరో ఆ గీతల దగ్గరే కుర్చీ వేయించుకున్నాడని చెప్పాడు. వారం తిరిగేసరికి పక్క కార్ఖానాల వాళ్లు కూడా వినడానికి వస్తున్నారు. అప్పటికి కథ ఎంత పెరిగిందంటే, హీరో తాడు తెగి అంత ఎత్తు నుంచి మా గుడ్డ మీద పడ్డాడు, వేరే ఎవరి గుడ్డ అయినా చిరిగిపోయేది, ఈ రెండు గీతల దగ్గర నేత దట్టంగా ఉంది కాబట్టి ఆగింది, హీరో లేచి “ఈ గుడ్డ నేసినవాడెవడు” అని అడిగాడు. చెప్పే పద్ధతి ఇంకా కుదరలేదు వాడికి. ఊపిరి తీసుకోవలసిన చోట తీసుకోడు, నవ్వకూడని చోట తనే ముందు నవ్వేస్తాడు. వింటూ ఉంటే నాకు చేతులు దురద పుట్టేవి.

ఒక రోజు పక్క కార్ఖానా నుంచి వచ్చిన ఒక పెద్దాయన అంతా విని, అనుమానంగా తల ఊపి, నా వైపు తిరిగాడు.

“మగ్గం మీద చెయ్యేసి నిలవడ్డది నువ్వే గదా. గీయన మాట నాకెందుకు, నువ్వు జెప్పు. హీరో నిజంగ పడ్డడా?”

బామ్మర్ది గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. అందరూ నా మాట కోసం చూస్తున్నారు. నా మాటకు బరువు అనేది ఒకటి ఉండటం, అది నా నాలుక మీద కూర్చోవడం నాకు అదే మొదలు. ఇంత బతుకులో చేతికొచ్చిన ఆ కాస్త పరపతిని ఎలా దాచుకోవాలో, దేనికి వాడాలో ఆలోచించుకోవడానికి ఒక గుక్క చాయ్ తాగినంత సమయం తీసుకున్నాను.

“పడ్డడు,” అన్నాను. “గని మా బామ్మర్ది సగమే చెప్పిండు. హీరో ఒక్కడే పడలే. పైనుంచి తేలు గూడ పడ్డది.”

పెద్దాయన బెంచీ మీద నా పక్కకు జరిగి, “ఏ తేలు?” అన్నాడు.